పిల్లల సాకర్ లీగు: చేర్చే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి పిల్లల సాకర్ గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి సమాధానాలిస్తున్నాను. ఉత్తరాలు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా చాలా సందేహాలకు మూలం ఒక్కటే. మనం ఫీజు కట్టి పంపే సంగీతం తరగతికీ, లెక్కల ట్యూషన్‌కూ జవాబుదారీగా జీతం తీసుకునే మనిషి ఒకరుంటారు. తల్లిదండ్రులే వాలంటీర్లుగా నడుపుకునే లీగులో అటువంటి మనిషి ఉండరు. మైదానంలో గీతలు గీసేవారూ, జట్లు కూర్చేవారూ, పిల్లలకు ఆట నేర్పేవారూ మన వంటి తల్లిదండ్రులే. ఈ సంగతి ముందే తెలిసి చేరినవారికీ, తెలియక చేరినవారికీ సీజన్ ఒకే రీతిగా గడవదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. ఊరి లీగులో చేర్చమని కొందరు చెబుతున్నారు. అక్కడ నేర్పేది తల్లిదండ్రులే కాబట్టి ఆట రాదని, జీతం తీసుకునే కోచ్‌లున్న క్లబ్బులో ట్రయౌట్ (ఆడించి చూసి ఎంపిక చేసే పరీక్ష) ఇప్పించమని మరికొందరు అంటున్నారు. ఫీజుల్లో చాలా తేడా ఉంది. ఏది మంచిది? (ఒక తల్లి, ఇర్వింగ్, టెక్సస్)

సమాధానం: ఏడేళ్ల బిడ్డకు ఊరి లీగే మేలని నా అభిప్రాయం. ఫీజు తక్కువన్నది అందుకు అసలు కారణం కాదు. క్లబ్బులో చేరాలంటే ట్రయౌట్‌లో నెగ్గాలి, నెగ్గినా ఆటలోకి ఎంతసేపు దింపుతారన్నది కోచ్ ఇష్టం. 1964లో లాస్ ఏంజెలెస్ దగ్గరి టోరెన్స్‌లో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ దీనికి పూర్తిగా భిన్నమైన మూడు నియమాలను తన పునాదిగా పెట్టుకుంది: ఆడాలనుకున్న ఏ బిడ్డనైనా ట్రయౌట్ లేకుండా చేర్చుకోవాలి, జట్లన్నీ బలంలో ఇంచుమించు సమానంగా ఉండేలా ప్రతి సీజన్‌కూ కొత్తగా కూర్చాలి, ప్రతి బిడ్డా ప్రతి ఆటలో కనీసం సగం సమయం మైదానంలో ఉండాలి. ఊళ్లలోని వాలంటీరు లీగులన్నీ ఈ సంస్థకు చెందినవి కావు. 1974లో ఏర్పడిన యూఎస్ యూత్ సాకర్‌కు ఆయా రాష్ట్రాల సంఘాల ద్వారా అనుబంధంగా ఉన్నవి చాలా ఉన్నాయి, ప్రతి బిడ్డకూ సగం ఆట దక్కాలన్న నియమం వాటిలో కొన్నిచోట్ల కచ్చితంగానూ కొన్నిచోట్ల మాటవరసకూ ఉంటుంది. అందుచేత చేర్చే ముందు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, కోచ్ ఎంత గొప్ప ఆటగాడని కాదు, ప్రతి బిడ్డకూ సగం ఆట దక్కుతుందన్న మాట లీగు నియమావళిలో రాసి ఉందా అని.

ఇంత చిన్న వయసులో ఆట రావడమంటే బంతి కాలికి తగలడమే. దేశంలో సాకర్‌కు పెద్ద దిక్కుగా ఉన్న యూఎస్ సాకర్ ఫెడరేషన్ 2017 నుంచి తప్పనిసరి చేసిన పద్ధతి ప్రకారం ఎనిమిదేళ్ల లోపువారు జట్టుకు నలుగురే ఆడతారు, గోల్‌కీపర్ ఉండడు. తొమ్మిది, పదేళ్ల వారికి జట్టుకు ఏడుగురు, పదకొండు, పన్నెండేళ్ల వారికి తొమ్మిదిమంది, పదమూడు దాటాకే పదకొండుమంది. నలుగురే ఉన్న జట్టులో ఏ బిడ్డా బంతికి దూరంగా చాలాసేపు నిలబడిపోడు. ఆ వయసులో అంతకు మించి కోరవలసినది లేదు. పదేళ్లు దాటిన తరువాత అబ్బాయికి ఆట మీద నిజమైన ఆకలి కనిపిస్తే అప్పుడు క్లబ్బు గురించి ఆలోచించవచ్చు. అయితే క్లబ్బు ఖర్చు వందల డాలర్ల నుంచి వేలకు చేరుతుందని, వారాంతాలు ప్రయాణాలకే పోతాయని, ఇంట్లో రెండో బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమయం కూడా అందులోనే కరిగిపోతుందని లెక్క వేసుకున్నాకే అడుగు వేయండి.

నమోదు సంగతి కూడా ఒక మాట. శరత్కాలపు సీజన్‌కు పేర్లు వసంతంలోనే తీసుకోవడం మొదలుపెడతారు. వయసు విభాగాలను 2016 తరువాత పుట్టిన క్యాలెండర్ సంవత్సరం ప్రకారం లెక్కిస్తూ వచ్చారు, 2026-27 సీజన్ నుంచి బడి సంవత్సరానికి దగ్గరగా ఉండే లెక్కకు మారాలని ప్రధాన సంస్థలు నిర్ణయించాయి. కాబట్టి మీ అబ్బాయి ఏ విభాగంలోకి వస్తాడో నిరుటి సమాచారాన్ని బట్టి కాక మీ లీగునే అడిగి తెలుసుకోండి. ఫలానా స్నేహితుడున్న జట్టులోనే వేయమని అడగవచ్చు కానీ, జట్లను సమంగా కూర్చవలసినవారు ఆ కోరికను ప్రతిసారీ తీర్చలేరు.

ప్రశ్న: ఫీజు కట్టి మా ఆరేళ్ల అమ్మాయిని చేర్చాము. జట్టుకు కోచ్ దొరకలేదని, తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకు రాకపోతే జట్టును రద్దు చేస్తామని ఇప్పుడు ఈమెయిల్ వచ్చింది. ఇది న్యాయమా? నేను క్రికెట్ తప్ప మరే ఆటా ఆడలేదు. పైగా హెచ్1బీ వీసా మీద ఉన్నాను. (ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ)

సమాధానం: మీకు కలిగిన ఇబ్బంది అర్థమవుతోంది, అయినా లీగు మిమ్మల్ని మోసం చేయలేదు. మీరు కట్టిన ఫీజు మైదానం అద్దెకూ, బీమాకూ, దుస్తులకూ, బంతులకూ, వలలకూ, రాష్ట్ర సంఘానికి చెల్లించే సభ్యత్వానికీ, రిఫరీల భత్యానికీ సరిపోతుంది. అందులో కోచ్ జీతమన్నది లేదు, అందుకే ఆ ఫీజు అంత తక్కువ. ఇలాంటి లీగుల్లో పిల్లలు వెయిటింగ్ జాబితాలో మిగిలిపోవడానికి తరచుగా కారణం మైదానాలు చాలకపోవడం కాదు, పెద్దలు ముందుకు రాకపోవడం. మన తెలుగువారు ఎక్కువగా ఉండే కొన్ని శివారు ఊళ్లలో జట్టునిండా మన పిల్లలే ఉండి, కోచ్‌గా మాత్రం మనవారు ఒక్కరూ ఉండకపోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది. మనకు తెలియని ఆట కదా అన్న సంకోచమే అందుకు కారణమని నేననుకుంటున్నాను. సమయం లేదన్న మాట నిజమే కానీ అది అందరికీ ఉన్న కష్టమే.

ఆరేళ్ల పిల్లలకు నేర్పడానికి మీరు సాకర్ ఆడి ఉండనక్కరలేదు. వారానికి ఒక సాయంత్రం గంటసేపు సాధన, శనివారం ఒక ఆట, చిన్నపిల్లల విభాగంలో ఎక్కువచోట్ల ఇంతే ఉంటుంది. ప్రతి బిడ్డకూ ఒక బంతి ఇచ్చి, దాన్ని కాళ్ల దగ్గర ఉంచుకుంటూ మీ నుంచి తప్పించుకుని పరుగెత్తమనండి. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా ఆడించండి, చివరి ఇరవై నిమిషాలు చిన్న ఆట పెట్టండి. పిల్లలను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరిచేత తన్నించడం మాత్రం మానుకోండి. వరుసలో నిలబడిన బిడ్డ నేర్చుకునేదేమీ లేదు, పక్కవాడితో పోట్లాట తప్ప. మూడో నంబరు బంతులే ఆ వయసుకు సరైనవి. తొమ్మిదేళ్ల నుంచి నాలుగో నంబరు, పదమూడు నుంచి అయిదో నంబరు వాడతారు. లీగు మీకు కొన్ని గంటల శిక్షణ ఇస్తుంది, నేపథ్య తనిఖీ చేయిస్తుంది, పిల్లల భద్రత గురించి సేఫ్‌స్పోర్ట్ పాఠం పూర్తి చేయమంటుంది. తనిఖీ ఫలితం రావడానికి సమయం పడుతుంది కాబట్టి, ఒప్పుకోదలిస్తే ఈ వారమే ఒప్పుకోండి.

వీసా విషయంలో మీరు అడగడం సబబే. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా ఎవరికీ జీతం ఇవ్వని పనిని ఉచితంగా చేయడాన్ని సాధారణంగా ఉద్యోగంగా లెక్కించరు. చిక్కంతా ప్రతిఫలం దగ్గరే వస్తుంది. కొన్ని లీగులు కోచ్‌కు ఫీజులో రాయితీ ఇస్తాయి, చాలా లీగులు రిఫరీకి ఆటకింతని చెల్లిస్తాయి. హెచ్1బీ మీద ఉన్నవారు తమ యజమాని కాని చోట సంపాదించకూడదు, పని చేసే అనుమతి లేని హెచ్4 వారు (హెచ్1బీ వారి భార్య లేదా భర్త, పిల్లలు) ఎక్కడా సంపాదించకూడదు. ఈ నియమం పెద్దలకే కాదు, శనివారాల్లో రిఫరీగా వెళ్లి నాలుగు డబ్బులు తెచ్చుకోవాలని ఉత్సాహపడే పద్నాలుగేళ్ల హెచ్4 బిడ్డకూ వర్తిస్తుంది. తోటిపిల్లలు తీసుకుంటున్నారు కదా అని వదిలేసే విషయం కాదిది. రాయితీ వద్దని లీగుకు రాతపూర్వకంగా చెప్పండి, సందేహం మిగిలితే ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి అడగండి.

కోచ్ పని నిజంగానే కుదరకపోతే సహాయ కోచ్‌గా, ఆటల వేళలు తెలియజేసే టీమ్ పేరెంట్‌గా, ఉదయం గోల్ వలలు కట్టే మనిషిగా పేరు ఇవ్వండి. ఒకరు కోచ్‌గా ముందుకు రావడానికి ఇంకొకరు పక్కన నిలబడతాననడమే చాలాసార్లు కారణమవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కోచ్ ఎవరో మాకు తెలియదు. అపరిచితుడైన మగ మనిషి దగ్గర వదిలి రావడానికి మనసొప్పడం లేదు. (ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

సమాధానం: మీ జాగ్రత్తను అతిజాగ్రత్త అని ఎవరన్నా పట్టించుకోకండి. 2018 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం, ఈ క్రీడా సంస్థల పరిధిలో పిల్లలతో పనిచేసే పెద్దలు ఏ బిడ్డ మీదనైనా అఘాయిత్యం జరిగిందన్న అనుమానం కలిగితే ఇరవైనాలుగు గంటల్లోగా అధికారులకు తెలపాలి. పెద్దవారొకరు బిడ్డతో ఒంటరిగా ఉండే సందర్భాలను సంస్థలు పరిమితం చేయాలి. మీ రాష్ట్రంలో 2022 జనవరి 1 నుంచి మరో చట్టం కూడా ఉంది. దాని ప్రకారం పిల్లల సంస్థల్లో క్రమం తప్పక పనిచేసే వాలంటీర్లు వేలిముద్రలతో కూడిన నేపథ్య తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లలపై హింసను గుర్తించి తెలియజేసే శిక్షణ పూర్తి చేయాలి. మీ కోచ్ ఈ రెండూ పూర్తి చేశారా అని లీగును అడగండి. పద్ధతిగా నడిచే లీగు ఈ ప్రశ్నకు నొచ్చుకోదు, తడబడదు. జవాబు దాటవేస్తే ఆ లీగులో చేర్చకండి.

అయితే తనిఖీ పాత నేరాలను మాత్రమే చూపగలదు, కాబట్టి మిగిలినది మీ కళ్లతో చూసుకోవలసిందే. సాధన జరిగేంతసేపూ తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అక్కడే ఉండేలా జట్టులోని కుటుంబాలు వంతులు వేసుకోవడం మంచి అలవాటు. కోచ్ మీ అమ్మాయికి విడిగా సందేశాలు పంపకూడదు, పంపేదేదైనా మీకు కూడా చేరాలి. ఒంటరిగా కారులో ఎక్కించుకోకూడదు. ఆట అయ్యాక మీరు రావడం ఆలస్యమైతే మరో పెద్దవారు కూడా తోడుగా ఉండాలి. ఇవన్నీ మీ అమ్మాయికి కూడా భయపెట్టకుండా, రోడ్డు దాటే నియమాలు చెప్పినంత మామూలుగా చెప్పండి. మొదటి రోజున మీరే వెళ్లి కోచ్‌ను పలకరించి మాట్లాడండి. సగం దిగులు అక్కడే తీరుతుంది.

ప్రశ్న: పాపకు ఈ మధ్యే చెవులు కుట్టించాము. పోగులకు టేపు అంటించి ఆడించవచ్చా? చేతికి కట్టిన నల్లదారం, గుడిలో కట్టిన ఎర్రదారం తీయాలా? (ఒక తల్లి, ఎడిసన్)

సమాధానం: తీయాలి. ఆట నియమాల్లో నాలుగోది నగలన్నిటినీ నిషేధించింది, టేపుతో కప్పడాన్నీ ఒప్పుకోదు. కుట్టించిన చెవులు మానేవరకు పోగులు తీయలేరు కాబట్టి, చెవులు కుట్టించడం సీజన్ ముగిశాక పెట్టుకోవడమే మార్గం. దారాలు, తాయెత్తులు, గాజుల విషయంలోనూ రిఫరీ మాటే చెల్లుతుంది. మనకు పవిత్రమైనది ఇంకో బిడ్డ వేలికి చిక్కుకుంటే ఇద్దరికీ ప్రమాదమే. షిన్‌గార్డులు (మోకాలి కింద ఎముకను కాపాడే పలకలు) లేకుండా మైదానంలోకి రానివ్వరు, వాటి మీదుగా మేజోళ్లు పైకి లాగి ఉండాలి. బేస్‌బాల్ క్లీట్లకు (అడుగున ముళ్లుండే బూట్లకు) బొటనవేలి దగ్గర ఉండే ముల్లు సాకర్‌కు పనికిరాదు, కొనేటప్పుడు చూసుకోండి. ఇంకో మాట, ఆట తరువాత పిల్లలకు తినడానికి పంచే వంతు వచ్చినప్పుడు పల్లీపట్టీలు, జీడిపప్పు వేసిన లడ్డూలు తీసుకెళ్లవద్దు. జట్టులో ఎవరికి ఏ అలెర్జీ ఉందో తెలియకుండా నారింజ తొనలు తప్ప మరేమీ పెట్టకపోవడమే క్షేమం.

ప్రశ్న: జట్టులో అందరికంటే బాగా ఆడేది మా అబ్బాయే. అయినా కోచ్ సగం ఆట బయట కూర్చోబెడుతున్నాడు. పైగా రిఫరీగా వచ్చినది పద్నాలుగేళ్ల కుర్రవాడు, తప్పుడు నిర్ణయాలతో మేము ఓడిపోయాము. ఎవరికి ఫిర్యాదు చేయాలి? (ఒక తండ్రి, కేరీ, నార్త్ కరోలినా)

సమాధానం: మొదటి విషయంలో మీరు ఫిర్యాదు చేయవద్దని నేరుగానే చెబుతున్నాను. మీ అబ్బాయి బయట కూర్చున్న ఆ సగం సమయం ఇంకో బిడ్డ ఆడుతున్న సగం. ఆ బిడ్డ తల్లిదండ్రులు కూడా మీరు కట్టినంతే కట్టారు, మీకున్న ఆశే వారికీ ఉంది. బలహీనంగా ఆడే పిల్లలను పక్కన పెట్టి గెలిచే కోచ్ దొరకడం కష్టం కాదు. ఓటమికి వెరవకుండా అందరినీ సమంగా దింపే కోచ్ దొరికితే సీజన్ చివర కృతజ్ఞత చెప్పండి.

రెండో విషయం మరింత ముఖ్యం. ఆ కుర్రవాడు కూడా ఎవరి బిడ్డో. గీత బయట నిలబడి పెద్దలు అరిస్తే అతడు తిరిగి ఒక్క మాట అనలేడు, మరుసటి వారం నుంచి రావడం మానేస్తాడు. ఇలా మానేసేవారి వల్లనే లీగులకు రిఫరీలు దొరకడం గగనమైపోతోంది. రిఫరీలను దూషించడం, బెదిరించడం, చేయి చేసుకోవడం వంటివాటికి యూఎస్ సాకర్ 2025 మార్చి నుంచి దేశమంతటా ఒకే తీరైన శిక్షలను అమలు చేస్తోంది. పరిస్థితి అంతవరకు వచ్చిందంటే అందుకు కారణం పిల్లలు కాదు, పెద్దలే. కొత్త రిఫరీ పొరపాటు చేస్తాడు, కొత్త ఆటగాడు చేసినట్టే. నియమం తెలియక ప్రమాదం జరిగే స్థితి ఉందనిపిస్తే మీ కోచ్ ద్వారా లీగు రిఫరీ సమన్వయకర్తకు తెలియజేయండి. అది కూడా ఆట ముగిసి ఒక రాత్రి గడిచాక చేయండి, మైదానంలోనూ, వాట్సాప్ గుంపులోనూ చేయకండి.

ప్రశ్న: పదేళ్ల మా అబ్బాయి తలకు బంతి గట్టిగా తగిలింది. కోచ్ ఆట మాన్పించి, డాక్టర్ కాగితం తెస్తే కానీ మళ్లీ ఆడనివ్వనన్నారు. వాడు బాగానే ఉన్నాడు. ఇది అవసరమా? (ఒక తల్లి, ఇర్వింగ్)

సమాధానం: అవసరమే, కోచ్ సరిగ్గా చేశారు. మెదడు అదిరిన లక్షణాలు కొన్నిసార్లు గంటల తరువాత, మరునాడు కూడా బయటపడతాయి. అది మానకముందే తలకు రెండో దెబ్బ తగిలితే ప్రాణాపాయం కలగవచ్చు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం మొదటగా దీని మీద చట్టం చేయగా, 2014 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ యువ క్రీడాకారుల రక్షణకు ఇటువంటి చట్టాలు వచ్చాయి. తలనొప్పి, వాంతి, మాటలో తడబాటు, అకారణమైన చికాకు, నిద్రలో తేడా కనిపిస్తే సోమవారం వరకు ఆగకుండా వెంటనే వైద్యుడికి చూపించండి. పదేళ్లు, ఆలోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని 2015లోనే యూఎస్ సాకర్ నిర్ణయించింది. కావాలని కొడితే రిఫరీ ఎదుటి జట్టుకు ఫ్రీకిక్ ఇస్తాడు. పదకొండు నుంచి పదమూడేళ్ల వరకు సాధనలో వారానికి అరగంటకు మించి నేర్పకూడదు. ఇంట్లో మీరు కూడా తలతో బంతి ఆడించకండి.

తలకు తగిలే దెబ్బలంతగా ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఇంకొకటి ఉంది. కదిలించగలిగే గోల్ చట్రాలు ఇసుక సంచులతోనో మేకులతోనో నేలకు బిగించి ఉండకపోతే, పిల్లలు వేలాడగానే మీద పడతాయి, అలా ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. ఆట మొదలయ్యే ముందు చేత్తో ఊపి చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఉరుము వినబడితే అందరూ కార్లలోకి వెళ్లాలి, చివరి ఉరుము తరువాత ముప్పై నిమిషాలు గడిచేవరకు మైదానంలోకి రాకూడదు. గాయాల చికిత్సకు లీగు బీమా సాధారణంగా మీ సొంత ఆరోగ్య బీమా చెల్లించగా మిగిలినదాన్నే చూస్తుంది, కాబట్టి అదే చాలునని అనుకోకండి.

ప్రశ్న: మనవడి ఆట చూడడానికి వెళ్లాను. ఎవరు గెలిచారో లెక్కే రాయలేదు. లెక్క లేకపోతే పిల్లలకు పట్టుదల ఎలా వస్తుంది? (గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ)

సమాధానం: అమ్మా, పిల్లలు లెక్క పెట్టుకుంటూనే ఉంటారు, ఇంటికొచ్చే దారిలో మీ మనవణ్ణి అడిగి చూడండి. చిన్న వయసు విభాగాల్లో లీగు పట్టికలు రాయకపోవడం పెద్దల కోసం. పట్టిక ఉంటే గెలుపు కోసం కోచ్ మంచి ఆటగాళ్లనే ఆడిస్తారు, తల్లిదండ్రులు అరుస్తారు, బంతిని వదలకుండా ఆడడం నేర్చుకోవలసిన బిడ్డ దాన్ని దూరంగా తన్నేసి బతికిపోవడం నేర్చుకుంటాడు. మీరు వెళ్లి కూర్చోవడమే వాడికి పెద్ద బలం. వేడి టీ ఫ్లాస్కులో పోసుకుని, కాళ్లకు మేజోళ్లు వేసుకుని వెళ్లండి. ఉదయపు గడ్డి మంచుతో తడిసి ఉంటుంది.

ప్రశ్న: మేము కట్టిన డబ్బుకు లెక్క ఎవరు చెబుతారు? ఈసారి ఉద్యోగం పోయింది, ఫీజు కట్టలేము. బిడ్డను మాన్పించక తప్పదా? (పేరు, ఊరు రాయవద్దన్న ఒక తండ్రి)

సమాధానం: మాన్పించకండి. ఫీజు కట్టలేని కుటుంబాలకు చాలా లీగులు సహాయం చేస్తాయి, అడిగిన సంగతి జట్టుకు తెలియనివ్వవు. రిజిస్ట్రార్‌కు రెండు వాక్యాల ఉత్తరం చాలు, కారణాలు వివరించనక్కరలేదు. పాత క్లీట్లు, షిన్‌గార్డులు ఇచ్చిపుచ్చుకునే పెట్టె కూడా కొన్ని లీగుల్లో ఉంటుంది.

లెక్కల విషయానికొస్తే, ఇటువంటి లీగుల్లో చాలావరకు పన్ను మినహాయింపు పొందిన లాభాపేక్ష లేని సంస్థలే, ఏటా ఆదాయపు పన్ను శాఖకు ఫారం 990 వంటి నివేదిక సమర్పిస్తాయి. దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఏడాదికి 50,000 డాలర్లకు మించని రాబడి ఉన్న చిన్న లీగులు కొద్దిపాటి వివరాలున్న సంక్షిప్త నివేదిక మాత్రమే ఇస్తాయి కాబట్టి, అక్కడ కోశాధికారినే అడగాలి. అలాగే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొన్ని తమ ఉద్యోగి వాలంటీరుగా పనిచేసిన గంటలకు ఇంతని ఆ సంస్థకు విరాళమిస్తాయి. జట్టులో మన తెలుగువారు అటువంటి కంపెనీల్లో ఉంటే, కోచ్‌గానో, వలలు కట్టే మనిషిగానో గడిపిన గంటలను కంపెనీ పోర్టల్‌లో నమోదు చేయమని ఒకసారి గుర్తుచేయండి. ఆ డబ్బును ఫీజు సహాయ నిధికే జమ చేయమని లీగును కోరవచ్చు.